పరుపుల బావ నిద్ర ఖర్చు

పరుపుల బావను ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి ఆ పిలుపు మీద హక్కు ఒక్కడికే ఉంది. బావ భార్యకు సొంత తమ్ముడు, పదమూడేళ్ళుగా బావ కొట్లోనే దూది ఏకి, దబ్బనం పట్టుకుని పరుపులు కుడుతున్న బావమరిది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. అతను రోజుకు నూరుసార్లు "బావా" అంటుంటే విని విని టీ కొట్టాయనకు అలవాటైంది, పక్క కొట్టు దర్జీకి అలవాటైంది, ఆఖరికి ఉత్తరాలు తెచ్చే ఆయన కూడా "బావగారూ, మీకో కవరు" అనడం మొదలుపెట్టాడు. బావకు ఇది మహా సరదా. ఊరంతా నాకు బావమరుదులే అని చెప్పుకుంటాడు. చెప్పుకోవడానికి ఏం దొరికినా వదిలే మనిషి కాదు మరి.

ఆ రోజు మధ్యాహ్నం బావమరిది నెత్తిన రెండు పనులున్నాయి. చంకలో అట్ట ఫైలు, అందులో కొట్టు తాలూకు పన్ను కాగితాలు. ఐదు గంటల్లోపు పన్నుల ఆఫీసు కిటికీలో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి, ఆ ఏటికి అదే ఆఖరు రోజు. అది చిన్న పని. పెద్ద పని టీ కొట్టు ముందు కుర్చీలో కూర్చుని, టీ చల్లారడం కోసం చూస్తోంది.

ఆవిడ వెనక వీధిలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకు హాస్టలు నడుపుతుంది. ఈ మధ్యే పైన ఇంకో అంతస్తు వేసింది. ఇరవై నాలుగు మంచాలు వచ్చేశాయి, ఇరవై నాలుగు పరుపులు కావాలి. వీధి మూల మీద కొత్తగా తెరిచిన షోరూముకు వెళ్ళి, అద్దాల వెనక ఉన్నవన్నీ చూసి, ధర అడిగి, ఆ తర్వాతే బావ కొట్టుకు వచ్చింది. వచ్చి ఒక్క మాట అనకుండా పరుపును బొటనవేలితో నొక్కింది, మూల పట్టుకుని ఎత్తింది, కుట్టును గోటితో లాగి చూసింది. "టీ తాగి చెప్తాను" అంది. ఆ షోరూము వచ్చిన దగ్గర్నుంచీ బావ కొట్లో నెలకు నాలుగు పరుపులు పోతే గొప్ప. ఈ ఆర్డరు దొరికితే ఏడాది గడుస్తుంది. దొరక్కపోతే దూది మిషను అమ్మేసి, కొట్టు తాళం యజమాని చేతిలో పెట్టడమే.

అందుకే కొట్టు నుంచి టీ కొట్టు దాకా ఉన్న ఇరవై అడుగుల్లోనే బావమరిది బావ చెవిలో చెప్పాడు. "బావా, ఒక్క టీ తాగేంతసేపు. నోరు విప్పకు."

"ఏరా, నేనెప్పుడైనా అనవసరంగా మాట్లాడానా?" అన్నాడు బావ నొచ్చుకుని.

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే సాయంత్రం దాటిపోతుందని బావమరిది ఊరుకున్నాడు.

అంతా సవ్యంగానే జరిగిపోయేది, దర్జీ గనక తన పని తను చూసుకుని ఉంటే. దర్జీ కూడా ఆ పూట పన్ను కాగితం మోకాలి మీద పెట్టుకుని, కలం కొరుక్కుంటూ కూర్చున్నాడు. "ఎవరైనా చెప్పండయ్యా. ఇస్త్రీపెట్టెకు కాలే కరెంటు ఖర్చుల్లో రాసుకోవచ్చా, కూడదా? ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు, మీటరు మాత్రం ఒక్కటే" అన్నాడు.

బావ గ్లాసు కింద పెట్టాడు. బావ గ్లాసు కింద పెట్టాడంటే దాని అర్థం ఏమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. టీ కొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు. బావమరిది మోచేత్తో పొడిచాడు కానీ, అప్పటికే చెయ్యి దాటిపోయింది.

"కరెంటా? నువ్వింకా కరెంటు దగ్గరే ఉన్నావా? మొదట్లో నేనూ నీలాగే భయపడేవాణ్ణిలే. చూడు, చట్టంలో ఉన్నదంతా ఒక్కటే ముక్క. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చు ఏదైనా సరే రాబడిలోంచి తీసేసుకోవచ్చు, మిగిలినదానికే పన్ను. ఆ ఒక్క ముక్కని ఎంతదూరం లాగగలవన్నదే తెలివి. ఒక ఏడు నేనేం చేశానూ, కొట్టుకొచ్చిన వాళ్ళకి ఇప్పించే టీలు లెక్కేయించి, ఇదిగో ఈయన దగ్గర చీటీ రాయించుకుని ఖర్చుల్లో రాశాను. కిమ్మనలేదు ఎవరూ."

"అది నిజం. చీటీ నేనే రాసిచ్చాను" అన్నాడు టీ కొట్టాయన.

"చూశావా. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రాత్రి పడుకున్నాను. పడుకుని అటూ ఇటూ దొర్లుతుంటే బుర్రలో బల్బు వెలిగింది. ఒరే, నేనెవణ్ణి? పరుపులవాణ్ణి. పడుకుంది దేనిమీద? పరుపు మీద. పరుపులవాడు పరుపు మీద పడుకుంటే అది నిద్రా, డ్యూటీయా?"

దర్జీ నిజంగానే ఆలోచించాడు. "డ్యూటీయేనేమో."

"నేమో ఏమిటి, డ్యూటీయే. రోజుకు ఎనిమిది గంటలు సరుకుని ఒళ్ళుపెట్టి పరీక్ష చేస్తున్నాను, అలాంటివాడికి కూలి ఇవ్వద్దా? నాకు నేనే ఇచ్చుకున్నాను. 'పరుపు పరీక్ష కూలి, రాత్రి ఎనిమిది గంటలు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు అదనం' అని రాసి పడేశాను. పది రోజులు తిరక్కుండా కవరొచ్చింది, సాక్ష్యం చూపించమని. సాక్ష్యానికేం కరువా? మా ఆవిణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టి రిజిస్టరు రాయించాను. పదీ నలభైకి ఎడమవైపు తిరిగారు. పదకొండూ ఐదుకి వెల్లకిలా. ఒంటిగంటన్నరకి గురక మొదలు. రెండుకి గురక బంద్. రెండూ పదికి దుప్పటి నా మీంచి లాక్కున్నారు. ఇలా మూడొందల అరవై అయిదు రాత్రులు. పాపం దానికి నిద్ర లేదు. ఆ నిద్ర లేనందుకు వేరే కాలమ్."

బావమరిదికి తన అక్క సంగతి తెలుసు. తొమ్మిదింటికి పక్క మీద వాలిందంటే పక్కిల్లు కూలినా లేవదు. కానీ బావ చెప్తుంటే అడ్డం రాకపోవడం అతనికి పదమూడేళ్ళ అలవాటు. అతని కళ్ళు హాస్టలావిడ గ్లాసు మీదే ఉన్నాయి. ఇంకా ముప్పాతిక ఉంది.

"ఆవిడ ప్రతి పేజీలో సంతకం పెట్టారా?" అని అడిగింది హాస్టలావిడ, మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా.

అంతే, బావకు ఒంట్లో ఎక్కడలేని హుషారు వచ్చింది. కుర్చీ ఆవిడ వైపు జరుపుకున్నాడు.

"ప్రతి పేజీలోనమ్మా, తేదీతో సహా. అయితే ఒక చిక్కొచ్చింది. ఒక్కడి ఒళ్ళు పరీక్షకి చాలదు కదా, ఒంటికీ ఒంటికీ తేడా ఉంటుంది. అందుకని ఇంటిల్లిపాదినీ పెట్టాను. పిల్లలిద్దరూ ఎగురుతారు, అది స్ప్రింగు పరీక్ష. వీడున్నాడే, మా బావమరిది, వీడు అలిగి పడుకుంటాడు, కోపంగా పడుకున్నవాడి బరువు వేరు, అదో పరీక్ష. ఇక మా అత్తగారు. ఆవిడకి పుట్టిన దగ్గర్నుంచీ ఏ పరుపూ నచ్చలేదు. ఒకటి గట్టి, ఒకటి మెత్తన, ఒకటి తలవైపు ఎత్తు, ఒకటి ఏదో వాసన. అంత శ్రద్ధగా వంకలు పెట్టే మనిషి జీతమిచ్చి వెతికినా దొరుకుతుందా? ఆవిడకి నాణ్యత అధికారి అని హోదా ఇచ్చి, నా కూలికి రెట్టింపు రాశాను."

"మా అమ్మ మాటెందుకు బావా ఇప్పుడు" అన్నాడు బావమరిది.

"ఎత్తకపోతే ఎలారా, మినహాయింపుల్లో సగం ఆవిడ చలవే కదా. మా కొట్లోంచి ఒక్క పరుపు గడప దాటాలంటే మా ఇంటిల్లిపాదీ నెలరోజులు దానిమీద పడుకుని లేవాల్సిందేనమ్మా. ఆ తర్వాతే అమ్మకం."

హాస్టలావిడ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తాగింది. బావమరిది అది గమనించలేదు. గ్లాసు సగానికి వచ్చిందని మాత్రం సంతోషించాడు.

"నిద్ర అయ్యాక కలలు" అన్నాడు బావ. "పరుపు సరిగ్గా లేకపోతే పీడకలలు వస్తాయి. పీడకల వచ్చిందంటే సరుకు చెడిపోయినట్టు, నష్టం కింద రాశాను. మంచి పరుపైతే మంచి కలలు. ఒకసారి కలలో ఓడెక్కి నాలుగు దేశాలు తిరిగొచ్చాను. డ్యూటీలో ఉండగా తిరిగాను కదా, అందుకని ప్రయాణ ఖర్చు."

"కలలో టిక్కెట్టుకి బిల్లెవరిస్తారు?" అన్నాడు దర్జీ. అతను అప్పటికే తన కాగితం మీద ఏదో రాయబోయి ఆగాడు.

"ఓడ గుమాస్తా ఇచ్చాడు. లేచేసరికి గుప్పిట్లో ఉంది. సరే, ఇదంతా చూసి ఆఫీసులో కళ్ళు తేలేశారు. ఒక ఆఫీసర్ని తనిఖీకి పంపారు. సన్నగా, పొడుగ్గా, చంకలో సంచీ. 'ఇవేం లెక్కలయ్యా, నాకు చెవిలో పువ్వు పెడుతున్నావా' అన్నాడు. 'నా మాటెందుకు సార్, రెండే రెండు నిమిషాలు ఒరిగి మీరే చూడండి' అన్నాను. చెప్పులు విప్పి ఒరిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిద్రపోయాడు" అన్నాడు టీ కొట్టాయన.

"నిద్రపోవడం అంటే అలాంటిలాంటి నిద్ర కాదు. మూడు రోజులు. రెండో రోజున అతణ్ణి లేపి తీసుకురమ్మని ఇంకొకణ్ణి పంపారు. వాడు లేపడానికని పరుపు అంచున కూర్చున్నాడు. ఇంకేముంది, కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడు. వాడికోసం ఇద్దరు, ఆ ఇద్దరికోసం నలుగురు. నాలుగో రోజుకి మా కొట్లో పదిహేడు మంది. కొట్టు చాలక అరుగు మీద పరిచాను, అరుగు చాలక ఇదిగో, ఈ దర్జీ కొట్టు ముందు పరిచాను."

"నా కొట్టు ముందా? మరి నేనెక్కడున్నాను?"

"నువ్వూ నిద్రపోయావు. నీకెలా గుర్తుంటుంది?"

 టీ కొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. బావమరిదికి కూడా నవ్వొచ్చింది, దాన్ని మింగేశాడు. ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడూ ఇంత కష్టమే.

"ఆఫీసులో కిటికీలన్నీ మూతపడ్డాయి" అన్నాడు బావ. "కాగితాలు తీసుకునే నాథుడు లేడు. ఆ ఏడు ఆఖరు తేదీ వారం పొడిగించారు, గుర్తుందా?"

"వానలకి పొడిగించాం అన్నారుగా" అన్నాడు దర్జీ.

"అంటారు మరి. ఆఫీసంతా పరుపుల కొట్లో పడి నిద్రపోతోందని పేపర్లో వేయించుకుంటారా? ఇక లాభం లేదని పై ఊరి నుంచి పెద్దాఫీసరు దిగాడు. ఆయనకి ముందే గట్టిగా చెప్పి పంపారు, ఏం జరిగినా సరే కూర్చోవద్దని. వచ్చి నిలబడే మాట్లాడాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? పడుకోండి అనలేదు, కూర్చోండి అనలేదు. తలగడ ఒకటి చేతికిచ్చి, 'దీని బరువెంతుంటుందో చూడండి సార్' అన్నాను. అంతే. నిలువునా నిద్రపోయాడు. గోడకి ఆనుకోలేదు, చేతిలో ఫైలు జారలేదు. పదకొండు గంటలు. లేచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడమ్మా. 'ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నాకు కంటినిండా నిద్రలేదయ్యా, ఇవాళ పట్టింది' అని నా చెయ్యి వదల్లేదు. అప్పుడు కూర్చుని నా లెక్కంతా తనే కట్టాడు. కూలి తీశాడు, అత్తగారి జీతం తీశాడు, పీడకలలు తీశాడు, ఓడ టిక్కెట్టు తీశాడు. తీయగా తీయగా రాబడి అయిపోయి, ఇంకా తీయాల్సింది మిగిలింది. అంటే ఏమిటన్నమాట?"

"ఏమిటి?"

"నేను ప్రభుత్వానికి కాదు, ప్రభుత్వమే నాకు కట్టాలి. ఖజానా తలుపులు తీసి చూసుకున్నారు, అందులో అంత లేదు. 'వాయిదాల్లో ఇచ్చుకుంటాం, కాదనకండి' అని బతిమాలారు. నాకే జాలేసింది. పోనిలెండి, దాంతో మా వీధికి రోడ్డు వేయించండి అన్నాను."

టీ కొట్టాయన తొంగి రోడ్డు వైపు చూశాడు. గతుకుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. "ఈ రోడ్డా?"

"అప్పట్లో బాగుండేది. ఇంకో సంగతి చెప్పనా? చట్టం పుస్తకంలో నాకోసం ఒక పేజీ అదనంగా అతికించారు, పరుపులవాళ్ళ నిద్ర గురించి. ఇప్పటికీ ఆ పేజీ తెరిచిన లాయరుకల్లా ఆవలింత వస్తుంది. చివరిదాకా చదివినవాడు ఇంతవరకూ లేడు."

బావ వెనక్కి వాలి గ్లాసు అందుకున్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది. బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు. ఏదో అయిపోయింది, హాస్టలావిడ గ్లాసు కూడా ఖాళీ అయింది. ఆవిడ గ్లాసును బల్ల మీద పెట్టి, చేతిరుమాలుతో పెదాలు అద్దుకుంది.

"నాకో సందేహం ఉందండీ."

"అడగండమ్మా. మీ హాస్టలుకైతే ఇంకా బోలెడు మినహాయింపులు చెప్తాను."

"మినహాయింపుల సంగతి కాదు, పరుపుల సంగతి. మీ కొట్లోంచి వెళ్ళే ప్రతి పరుపు మీదా మీ ఇంటిల్లిపాదీ నెలరోజులు పడుకుంటారన్నారు. ఇందాక నేను నొక్కి చూసిన పరుపు కొత్తదన్నారు. దానిమీద ఎవరెవరు పడుకున్నారు?"

 దర్జీ కలం కింద పెట్టాడు. "అవును బావా. పోయినేడు మా పెద్దమ్మాయికని నీ దగ్గరే కదా కొన్నాను. కొత్తదనే అన్నావు. మీ అత్తగారు పడుకున్నదా అది?"

బావ కుడిచెవి వెనక గోక్కున్నాడు. కొత్త కోత కోయబోయే ముందు బావ అలాగే గోక్కుంటాడు. కానీ ఈసారి ఎంత గోక్కున్నా ఏమీ రాలేదు. బావమరిదికి విషయం అర్థమైంది. చెప్పిన కథ నిజమైతే, పడుకుని లేచిన పరుపుల్ని కొత్తవని అమ్ముతున్నట్టు. పరుపులు కొత్తవైతే, ఇంతసేపూ చెప్పిందంతా అబద్ధం. బావ ఇంతవరకు కోసిన కోతను వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు. ఒకసారి తనకు ఈత వచ్చన్న మాట వెనక్కి తీసుకోలేక నిజంగానే కాలవలో దూకాడు. ముగ్గురు కలిసి లాగితే బయటపడ్డాడు.

"ఆ మూల షోరూములో ప్లాస్టిక్ కవరు వేసి, సీలు వేసి ఇస్తారట" అంది హాస్టలావిడ లేచి నిలబడుతూ. "ధర ఎక్కువే. కానీ వాటిమీద ఎవరూ పడుకుని ఉండరు. అంతమంది ఆడపిల్లలు, రేపు ఒకరికి దద్దుర్లొచ్చినా నా మొహమే చూస్తారు." చిల్లర తీసి బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"అబద్ధం అమ్మా" అన్నాడు బావ.

"ఏది?"

"అంతా."

"అంతా అంటే? నిద్రా, ఆఫీసర్లా, అత్తగారా?"

"అత్తగారు ఉన్నారమ్మా. మిగతాదంతా అబద్ధం. పరుపులు మాత్రం కొత్తవే. మా ఇంట్లో మేం పడుకునేవి మా పెళ్ళినాటివి."

ఎవరూ నవ్వలేదు. టీ కొట్టాయన స్టవ్ పూర్తిగా ఆర్పేశాడు. ఆ వీధిలో అలాంటి మాట బావ నోట వినడం అందరికీ అదే మొదటిసారి.

"ఇంతసేపూ అబద్ధాలు చెప్పిందీ ఆ నోరే, పరుపులు కొత్తవని చెప్తున్నదీ ఆ నోరే" అంది ఆవిడ. "దేన్ని నమ్మమంటారు?"

బావ తలతిప్పి బావమరిది వైపు చూశాడు. ఆ చూపు చూసి బావమరిదికి ముందు ఒళ్ళు మండింది, వెంటనే జాలేసింది. ఇక ఊరుకుంటే లాభం లేదనుకున్నాడు. చంకలోని ఫైలు తీసి, బల్ల మీది టీ మరకలు తుడిచి పరిచాడు.

"ఆఫీసులో ఇవ్వబోతున్న కాగితాలు మేడమ్. చదవండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. రాబడి పేజీలో ఏడాది పొడుగునా అమ్మిన ప్రతి పరుపూ తేదీతో సహా ఉంది. ఎవరికో ఉట్టినే కుట్టిపెడితే బలవంతంగా చేతిలో పెట్టిపోయిన చిల్లర కూడా ఉంది. పేజీ తిప్పింది. ఖర్చులు. కొట్టు అద్దె, నిల్. కరెంటు, నిల్. దూది, నిల్. గుడ్డ, దారం, నిల్. కూలి, నిల్. కింద మొత్తం దగ్గర కూడా నిల్ అని రాసి రెండు గీతలు కొట్టి ఉంది.

"ఇదేమిటి, దూది లేకుండానే పరుపులు కుట్టారా?"

"పదకొండేళ్ళుగా ఇంతే" అన్నాడు బావమరిది. "నేను రాస్తానంటాను, వెనక నిలబడి కొట్టేయిస్తాడు. ఏదైనా రాస్తే అది చూసి అడుగుతారట, అడిగితే వెళ్ళి చెప్పాలట. ఆ ఆఫీసు ముందు నుంచి నడవడు మేడమ్. రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోతాడు. కాగితాలిచ్చేదీ నేనే, ముద్ర వేయించుకొచ్చేదీ నేనే."

"బిల్లులన్నీ పారేశారా?"

"ఒక్కటీ పారేయలేదు. ఎప్పుడు ఎవరొచ్చి అడుగుతారోనని అన్నీ తలగడ గలీబులో కుక్కి, దానిమీద తల పెట్టుకుని పడుకుంటాడు."

"నేను రాసిచ్చిన టీ చీటీ?" అన్నాడు టీ కొట్టాయన.

"అదీ గలీబులోనే ఉంది."

బావ కాళ్ళ దగ్గర నేలను చూస్తూ కూర్చున్నాడు.  "ఇక్కడ ఎంతైనా మాట్లాడతానమ్మా. ఇక్కడ ఎవరూ రాసుకోరు కదా. అక్కడ బల్లకి అవతల ఒకాయన కలం పట్టుకుని కూర్చుంటాడు. నేనేం చెప్తే అది రాసుకుంటాడు. కొట్టు పెట్టిన కొత్తలో ఒకసారి వెళ్ళాను. ఇంటి నంబరెంత అని అడిగాడు. గుర్తు రాలేదు. పదినిమిషాలు నిలబడి, చెమటలు పట్టి, వచ్చేశాను. చాలనిపించింది."

దర్జీ జేబురుమాలు తీసి ఊరికే మొహం తుడుచుకున్నాడు. హాస్టలావిడ మళ్ళీ కూర్చుంది. ఆవిడకు కోపం వచ్చినట్టే ఉంది. ఎవరి మీదో మాత్రం చెప్పడం కష్టం.

"నేను పంతొమ్మిదేళ్ళుగా హాస్టలు నడుపుతున్నాను. తెల్ల కాగితం మీద నల్ల అబద్ధాలు రాసేవాళ్ళని బోలెడుమందిని చూశాను. నోటితో ఇన్ని అబద్ధాలు చెప్పి, కాగితం మీద ఇంత నిజం రాసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. దూది కొన్నందుకు పన్ను, దారం కొన్నందుకు పన్ను, అద్దె కట్టినందుకు మళ్ళీ దానిమీద పన్ను. ఆ రోడ్డు నిజంగానే మీ డబ్బుతో వేసి ఉంటారండీ. పాత పరుపు కొత్తదని అమ్మడం మీ వల్లయ్యే పని కాదు." గడియారం చూసుకుంది. నాలుగు కావస్తోంది. "వెళ్ళి ఆ గలీబు తీసుకురండి."

బావమరిది పరుగెత్తాడు. ఇల్లు కొట్టు వెనకే. గలీబు తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తే ఈ ఏటి చీటీలన్నీ పైనే ఉన్నాయి. ఆవిడ దర్జీ కలం లాక్కుని ఒక్కొక్క నిల్లూ కొట్టేసింది. టీ కొట్టాయన చీటీలు విప్పి చదివాడు, దర్జీ కూడాడు, బావమరిది రాశాడు. అద్దె రాసేటప్పుడు బావ నుదుటికి చెమట పట్టింది. దూది రాసేటప్పుడు లేచి నిలబడ్డాడు. కూలి దగ్గరికి వచ్చేసరికి కుర్చీ వెనక్కి వెళ్ళి దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, వాళ్ళడిగితే?"

"చీటీ చూపించండి."

"ఏం చెప్పాలి?"

"ఏమీ చెప్పక్కర్లేదు. చీటీ చూపించడమే."

"ఒక్క మాట కూడా?"

"మీరు మాట్లాడకపోతేనే మంచిది."

బావమరిది అడుగున మొత్తం వేసి చూసుకున్నాడు. ఈ ఒక్క ఏడాదికే మిగిలేది చూస్తే, పదకొండేళ్ళు ఎంత పోయిందో లెక్కకట్టడానికి మనసొప్పలేదు. బావ చేత సంతకం పెట్టించి, ఫైలు కట్టాడు. 

"ఇరవై నాలుగు పరుపులు" అంది హాస్టలావిడ లేస్తూ. "నెలాఖరుకల్లా పంపాలి. ఒక్కదానిమీద కూడా ఎవరూ పడుకోకూడదు, మీ అత్తగారితో సహా. బిల్లు మాత్రం సరిగ్గా రాసివ్వండి. నేను ఖర్చుల్లో చూపించుకోవాలి."

"రాసిస్తానమ్మా" అన్నాడు బావ.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసుకు బయల్దేరబోతున్న బావమరిదిని మోచెయ్యి పట్టుకుని ఆపి, టీ కొట్టాయనకు వినపడకుండా పక్కకు తీసుకెళ్ళాడు. బావ అంత చిన్న గొంతుతో మాట్లాడటం బావమరిది ఎప్పుడూ వినలేదు.

"ఏరా, ఆవిడ మన పరుపులు కొంటే అది కూడా ఖర్చు కిందికే వస్తుందా?"